లెక్కల నోటుబుక్కు మొదటి పేజీ

విశాఖపట్నం కంచరపాలెంలో మా పక్కింటి కుర్రాడు ఏడో తరగతి. వాడి లెక్కల నోటుబుక్కు మొదటి పేజీలో టీచరు అంటించిన కాగితం ఒకటుంది. పేజీకి కుడి పక్క గీత కొట్టి రఫ్ వర్క్ అక్కడే చేయాలి. స్టెప్పులు లేకుండా జవాబు రాస్తే మార్కులు లేవు. 20 ఎక్కం దాకా నోటికి రావాలి. తప్పు పోయిన లెక్క మూడుసార్లు చేసి చూపించాలి. సోమవారం సోమవారం స్లిప్ టెస్టు, పేపరు మీద అమ్మదో నాన్నదో సంతకం.

మొన్న వాళ్లమ్మ సంతకం పెట్టాల్సిన పేపరు పట్టుకొచ్చి నాకు చూపించింది. −3 − (−5) ఎంత అన్న లెక్కకి వాడు 2 అని రాసి ఊరుకున్నాడు. జవాబు ఒప్పే. రెండు మార్కులకి అర మార్కు వచ్చింది. "ఒప్పు రాసినోడికి మార్కులు కోస్తే ఎలాగండీ?" అని ఆవిడ బాధ.

టీచరు కఠినురాలని అనుకోవడం తేలిక. కానీ ఆ కాగితంలోని నియమాలేవీ ఆవిడ కనిపెట్టినవి కావు. ఒక్కోటి ఒక్కో కాలంలో వచ్చి చేరింది.

అన్నిటికంటే పాతవి ఎక్కాలు. వీధిబడి రోజుల్లో ఇవాళ్టి ఎక్కాలతో పాటు వీసం, పావు, అర, ముప్పావు ఎక్కాలు కూడా వల్లె వేయించేవారు. రూపాయికి 16 అణాలు, వీసం అంటే పదహారో వంతు. సంతలో బేరం దగ్గర కాగితం, కలం ఉండవు కాబట్టి నోటికి రావడమే చదువు. రాకపోతే గుంజీలు, గోడకుర్చీ, మరీ మొండివాడైతే కోదండం, అంటే దూలానికి కట్టిన తాడు పట్టుకుని వేలాడటం. 1957 ఏప్రిల్ 1న నయాపైసలు రావడంతో వీసం ఎక్కానికి పని లేకుండా పోయింది. మా ఊళ్లో రిఫైనరీ మొదలైందీ ఆ ఏడాదే. ఓడరేవు, షిప్‌యార్డు అప్పటికే ఉన్నాయి. ఫిట్టరు పనికి వెళ్లేవాడికి దశాంశాలు కావాలి, డ్రాయింగు చదవడం రావాలి. సంత లెక్క చాలదు. ఎక్కాల పట్టిక మాత్రం చెక్కుచెదరలేదు.

బెత్తం పోవడానికి ఇంకా చాలా ఏళ్లు పట్టింది. 2002 ఫిబ్రవరిలో రాష్ట్ర ప్రభుత్వం విద్యా నియమాల్లోని 122వ నిబంధనను మార్చి పిల్లల్ని కొట్టడాన్ని నిషేధించింది. 2010 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన విద్యాహక్కు చట్టం, తన 17వ సెక్షన్లో మానసిక వేధింపును కూడా చేర్చింది. మూడుసార్లు చేసి చూపించమనే నియమం బెత్తం ఖాళీ చేసిన చోట కూర్చుందని నాకు అనుమానం. నేనూ గోడకుర్చీ వేసినవాణ్నే, దానివల్ల భిన్నాలు ఒంటబట్టిన గుర్తు లేదు.

ఇక పాస్, ఫెయిల్ సంగతి. దీనికున్నన్ని మలుపులు ఇంకదేనికీ లేవు. ఉమ్మడి రాష్ట్రంలో 1970ల తొలినాళ్లలోనే మధ్య తరగతుల్లో పిల్లల్ని ఆపేయడం మానేశారు. గండాలు రెండే మిగిలాయి, ఏడు, పది. ఏడో తరగతి పబ్లిక్ పరీక్ష అంటే ఇంటిల్లిపాదికీ టెన్షనే, అందులోనూ లెక్కల పేపరు రోజు మరీ. విద్యాహక్కు చట్టం ఎనిమిది దాకా ఎవర్నీ ఆపకూడదంది, బోర్డు పరీక్ష కూడా పెట్టకూడదంది. 2019లో ఆ చట్టాన్నే సవరించి ఐదు, ఎనిమిది తరగతుల్లో ఆపాలో వద్దో రాష్ట్రాలకే వదిలేశారు. 2024 డిసెంబరులో కేంద్రం తన బడుల వరకు నియమం మార్చేసింది. ఈ రెండు తరగతుల్లో తప్పినవాళ్లకి రెండు నెలల్లో మళ్లీ పరీక్ష పెడతారు, అప్పుడూ తప్పితే అదే తరగతి. నేవీ, పోర్టు ఉద్యోగుల పిల్లల వల్ల మా ఊళ్లో కేంద్రీయ విద్యాలయాలకు కొదవ లేదు, కాబట్టి ఒకే అపార్టుమెంటులో ఎనిమిదో తరగతి పిల్లలిద్దరికి రెండు రకాల నియమాలు ఉండొచ్చు.

ఇదంతా ఎవరు పై తరగతికి వెళ్లాలన్న గొడవ. పిల్లాడికి లెక్క అర్థమైందని దేన్నిబట్టి చెప్పాలన్నది వేరే ప్రశ్న. దాన్ని గట్టిగా అడిగింది 2005 నాటి జాతీయ పాఠ్యప్రణాళిక చట్రం. సూత్రాలు వల్లె వేయడం కాదు, లెక్కగా ఆలోచించడం రావాలంది. దాన్ని అనుసరించి 2012 నుంచి వచ్చిన మన పాఠ్యపుస్తకాలు లెక్కలకి ఐదు విద్యాప్రమాణాలు పెట్టాయి: సమస్యా సాధన, కారణాలు చెప్పి నిరూపించడం, వ్యక్తపరచడం, అనుసంధానం, బొమ్మలతోనో పట్టికలతోనో చూపించడం. లెక్క చేయడం వాటిలో ఒక్కటి మాత్రమే. పరీక్షలూ మారాయి. నిర్మాణాత్మక మూల్యాంకనం, అందరూ ఎఫ్ఏ అనేది, 50 మార్కులకి పెట్టి స్లిప్ టెస్టుకి 20 ఇచ్చారు. మిగతా 30 తరగతిలో పాల్గొనడానికి, రాతపనికి, ప్రాజెక్టుకి. ఆలోచన బంగారంలాంటిది. ఆచరణలో ప్రాజెక్టులు నెట్ సెంటర్లలో తయారయ్యాయి, రాతపని గైడులోంచి దిగింది. పదో తరగతిలో ఇలాంటి ఇంటర్నల్ మార్కులు 20 ఉండేవి. ప్రైవేటు బడులు ఇష్టారాజ్యంగా వేసుకుంటున్నాయన్న ఫిర్యాదులతో 2019లో వాటిని ఎత్తేశారు. 2022–23లో కొన్ని ఎఫ్ఏ పరీక్షలకి ఓఎంఆర్ షీట్లు వచ్చాయి. గుండ్రం నింపితే సరి. స్టెప్పులు చూపించమని నోటుబుక్కు, జవాబు ఒక్కటే చాలని షీటు.

అందుకే పక్కింటి కుర్రాణ్ని పిలిచి ఆ 2 ఎలా వచ్చిందని అడిగాను. టక్కున చెప్పాడు. "నాకు మూడు రూపాయలు అప్పుంది అంకుల్. అందులోంచి ఐదు రూపాయల అప్పు తీసేశారు. మూడు పోను రెండు నాకే మిగిలింది కదా."

ఇంతకంటే మంచి కారణం నేనైతే చెప్పలేను. మరి రాయలేదేం అంటే తల గోక్కున్నాడు. "ఇంగ్లీషులో ఎలా రాయాలో తెలీలేదు."

కాగితంలో ఎక్కడా లేని నియమం ఇది. 2019 నవంబరులో ప్రభుత్వ బడులన్నిటా ఇంగ్లీషు మీడియం అంటూ జీవో వచ్చింది, మరుసటి ఏప్రిల్లో హైకోర్టు కొట్టేసింది. ఆ తర్వాత ఒక పేజీ ఇంగ్లీషు, ఎదుటి పేజీ తెలుగుగా పాఠ్యపుస్తకాలు అచ్చయ్యాయి. పుస్తకంలో రెండు భాషలకీ చోటుంది, స్లిప్ టెస్టులో లేదు. వాడి స్టెప్పు తెలుగులో ఉంది, మార్కు ఇంగ్లీషులో ఉంది.

వాళ్లమ్మ సంతకం పెట్టింది. దాని కింద, వాడు చెప్పిన అప్పు లెక్కని వాడి చేతనే తెలుగులో రాయించి పంపింది. సోమవారం పేపరు తిరిగొచ్చింది. మార్కు మారలేదు గానీ ఆ వాక్యం పక్కన ఎర్ర సిరాతో ఒక టిక్కు ఉంది.