డీఎన్ఏ పరీక్ష చేయించుకుంటామన్న మనవలకు

చిరంజీవులకు తాతయ్య ఆశీస్సులు.

డీఎన్ఏ పరీక్ష చేయిస్తే మన వంశవృక్షం మొత్తం బయటికొస్తుందా అని అడిగారు. మొత్తం రాదు. కానీ కాగితాలు తేల్చలేని చిక్కును అది ఒక్కోసారి భలేగా తేలుస్తుంది. ఇంగ్లండు రాజు మూడో రిచర్డ్ సంగతే చూడండి.

ఆయన 1485లో బాస్‌వర్త్ యుద్ధంలో పోయాడు. లెస్టర్‌లో ఒక మఠం చర్చిలో పూడ్చారు. తర్వాత ఆ చర్చి కూడా నేలమట్టమైంది. 2012లో అక్కడి కార్ల పార్కింగ్ కింద తవ్వితే వెన్ను వంకర తిరిగిన అస్థిపంజరం ఒకటి దొరికింది. పుర్రె మీద దెబ్బలున్నాయి. అది రాజుదేనని చెప్పడమెలా? ఆయన అక్క యాన్‌కు కూతురు, ఆ కూతురికి కూతురు... ఇలా ఆడవాళ్ల వరసనే పట్టుకుని పాత కాగితాల్లో వెతికారు. ఆ వరస లండన్‌లో బల్లలు, బీరువాలు చేసే మైకేల్ ఇబ్సెన్ దాకా వచ్చింది. మన కణాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా అనే భాగాల్లో విడిగా కాస్త డీఎన్ఏ ఉంటుంది, అది తల్లి నుంచే వస్తుంది. కొడుక్కీ వస్తుంది గానీ అతని పిల్లలకు పోదు. మైకేల్‌దీ రాజుదీ సరిగ్గా సరిపోయింది! 2015లో రాజును మళ్లీ పూడ్చినప్పుడు శవపేటిక చేసింది కూడా ఈయనే.

మన వంశవృక్షాల్లో ఆడపిల్లకు పెళ్లి కాగానే గీత ఆపేస్తాం. అక్కడ రాజును పట్టిచ్చింది ఆ గీతే.

మగవాళ్ల వరస మాత్రం బెడిసికొట్టింది. మగవాళ్లలోనే ఉండే వై క్రోమోజోమ్ అనే డీఎన్ఏ పోగు మన ఇంటిపేరులా తండ్రి నుంచి కొడుక్కి వస్తుంది. రిచర్డ్ ముత్తాతకు తండ్రి మూడో ఎడ్వర్డ్. ఆయన వంశమని కాగితాల్లో ఉన్న ఐదుగురిని పరీక్షిస్తే ఒక్కరిదీ రిచర్డ్‌తో కలవలేదు. ఎక్కడో ఒక తరంలో రాతలో ఉన్న తండ్రి వేరు, అసలు తండ్రి వేరు. అది ఏ తరమో డీఎన్ఏ చెప్పలేదు. ఇలాంటివి మనింట్లోనూ బయటపడొచ్చు, అందుకే ముందు అమ్మానాన్నలతో మాట్లాడండి.

ఇంకో మెలిక ఉంది. మనవాళ్లలో మేనరికాలెక్కువ, అక్క కూతుర్ని చేసుకున్నవాళ్లూ ఉన్నారు. ఒకే పూర్వీకుల డీఎన్ఏ రెండు వైపుల నుంచీ రావడంతో దూరపు చుట్టం కూడా దగ్గరివాడిగా కనిపిస్తాడు. రిపోర్టులో ఎవరైనా దగ్గరి కజిన్ అని వస్తే వెంటనే గంతులేయకండి.

మన మూలాలు ఏ ప్రాంతానివి ఎంత శాతమో చూపే పటాల కోసమైతే డబ్బు దండగ. మనం దక్షిణాది వాళ్లమని చెప్పడానికి ల్యాబ్ ఎందుకు?

చేయిస్తే మీకంటే ముందు, ఆవిడ సరేనంటే, మీ అమ్మమ్మకు చేయించండి. తల్లి డీఎన్ఏలో సగమే బిడ్డకు వస్తుంది, కాబట్టి పాతతరం వాళ్ల దగ్గరే ఎక్కువ మిగిలి ఉంటుంది. ఈలోగా ఫోన్ చేసి ఆవిడ అమ్మ పేరు, అమ్మమ్మ పేరు, వాళ్ల పుట్టిళ్లు రాసుకోండి. మీ నాయనమ్మ వైపు నేను రాస్తున్నాను. మూడో తరం దాటగానే "సుబ్బమ్మో, వెంకమ్మో" అంటోంది.

ఇట్లు,
మీ తాతయ్య