పట్టాల పక్క గోడకు పునాది ప్రశ్న

విశాఖకు రైలు 1890ల్లో వచ్చింది. 1933లో ఓడరేవు తెరిచారు. 1960ల్లో కొత్తవలస–కిరండూల్ లైను మీద ఇనుప ఖనిజం దిగడం మొదలైంది. గూడ్సు బళ్లు పెరుగుతూ వచ్చాయి, కంచరపాలెం, జ్ఞానాపురం లాంటి చోట్ల ఇళ్లు పట్టాల దాకా వచ్చేశాయి. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం నివాస ప్రాంతాల్లో రాత్రిపూట పరిమితి 45 డెసిబెల్స్. రాత్రంతా గూడ్సు నడిచే చోట అది నిలవడం కష్టం. నిద్రలేని పసిపిల్లలు, రోగులు ఉన్న ఇళ్లకు ఇది చిన్న విషయం కాదు.

శబ్దాన్ని ఆపే గోడ కట్టొచ్చు. చక్రం, పట్టా రాపిడి చప్పుడు కిందనుంచే వస్తుంది కాబట్టి, పట్టాలకు దగ్గరగా కడితే మరీ ఎత్తు లేకపోయినా పనిచేస్తుంది. చిక్కంతా పునాదిలోనే. గోడ బరువు తక్కువే, గాలి తోపు ఎక్కువ. విశాఖలో డిజైన్‌కు తీసుకునే గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకు 180 కిలోమీటర్లు. 2014 హుద్‌హుద్ తుపాను చూసినవాళ్లకు ఆ అంకె అర్థం చెప్పక్కర్లేదు. పోనీ కాంక్రీటు వేద్దామంటే రైలు కట్ట పక్కన గొయ్యి తవ్వాలి, మట్టి మోయాలి, రోజుల తరబడి తడుపుతూ గట్టిపడనివ్వాలి (క్యూరింగ్). రైళ్లు ఆపి ఇచ్చే బ్లాక్ కొద్ది గంటలే.

ఇక్కడే హెలికల్ పైల్, అంటే మరలా తిప్పి నేలలోకి దించే పునాది స్తంభం, పనికొస్తుంది. దీన్నే స్క్రూ పైల్ అని కూడా అంటారు. ఉక్కు కడ్డీకి మర ఆకారంలో పలకలు ఉంటాయి. ఎక్స్‌కవేటర్‌కు తగిలించిన హైడ్రాలిక్ మోటారు దాన్ని తిప్పుతూ, చెక్కలోకి మరమేకు దించినట్టు నేలలోకి దించుతుంది. తిప్పడానికి పట్టిన బలాన్ని బట్టి నేల పట్టు అంచనాకొస్తుంది. పెద్దగా మట్టి పైకి రాదు, క్యూరింగ్ లేదు.

ఇది నిన్నటి ఆలోచన కాదు. చూపు కోల్పోయిన ఐరిష్ ఇంజనీరు అలెగ్జాండర్ మిచెల్ 1833లో దీనికి పేటెంట్ పొందారు. 1838లో థేమ్స్ ముఖద్వారపు ఇసుక మేటలో లైట్‌హౌస్ కోసం ఇవే పైల్స్ దించారు. మన దేశంలోనూ బొంబాయి–బరోడా రైలు మార్గపు వంతెనలను 1860ల్లో స్క్రూ పైల్స్ మీద నిలబెట్టారు. తర్వాత కాంక్రీటు రాజ్యం వచ్చింది. హైడ్రాలిక్ యంత్రాలు వచ్చాకే మళ్లీ వీటి వైపు చూపు మళ్లింది.

విశాఖ నేల మాత్రం అంతటా ఒకటి కాదు. ఓడరేవు వైపు మెత్తటి సముద్రపు బంకమట్టి: పైల్ సులువుగా దిగుతుంది, కానీ సన్నటి కడ్డీకి పక్కతోపును తట్టుకునే దన్ను దొరకదు, ఏటవాలుగా జంట పైల్స్ వేయాలి. కొండల వైపు ఖొండలైట్ రాయి తగిలితే ముందు డ్రిల్లింగ్ తప్పదు. ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా గాల్వనైజింగ్ (జింకు పూత), రైళ్లకు కరెంటు ఇచ్చే 25 కిలోవోల్టుల తీగల కింద కాబట్టి ఎర్తింగ్ కూడా ఖర్చులో చేర్చాలి. బోరు వేసి మట్టి చూడకుండా, పైల్‌ను లాగి పరీక్షించకుండా టెండర్ పిలవకూడదు.