నేల తుడిచే ముందు నీళ్లు కొలవండి

ఆరేళ్లుగా ఇంట్లో ఒక్క చుక్క మూత్రం పడనివ్వని కుక్క ఉన్నట్టుండి బాల్కనీ తలుపు పక్కన మడుగు కడితే ఏమనుకుంటాం? మేము పొగరనుకున్నాం. బెంగళూరు మారతహళ్లిలో మాది నాలుగో అంతస్తు. మా చిట్టి వీధికుక్క జాతి, 18 కిలోలు. పొద్దున ఆరింటికి, సాయంత్రం ఆరింటికి, రాత్రి పదింటికి కిందికి తీసుకెళ్తాం. లిఫ్ట్ రావడం ఎంత ఆలస్యమైనా బిగపట్టుకుని నిలబడే పిల్ల. అలాంటిది జులైలో వరసగా మూడు రోజులు తెల్లారేసరికి నేలంతా తడి. వానకి బయటికి రావడం ఇష్టంలేక ఇలా చేస్తోందనుకుని గట్టిగా అరిచాను. చెవులు వెనక్కి వాల్చి, తోక ముడిచి, కళ్లు పక్కకి తిప్పేసుకుంది. "చూశావా, తప్పు చేశానని దానికీ తెలుసు" అన్నాను మా ఆవిడతో.

దానికేమీ తెలియదు. అలెగ్జాండ్రా హొరోవిట్జ్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 2009లో ప్రచురించిన ప్రయోగం సరిగ్గా ఈ చూపు మీదే. 14 కుక్కలు. తినొద్దని చెప్పి తినుబండారం ముందు పెట్టి యజమాని గదిలోంచి వెళ్లిపోవాలి. తిరిగొచ్చాక కుక్క తినేసిందనో, తినలేదనో యజమానికి చెప్తారు. కొన్నిసార్లు అది నిజం, కొన్నిసార్లు అబద్ధం. తినేసిందని చెప్తే యజమాని దాన్ని తిట్టాలి. ఆ 'తప్పు చేసిన మొహం' తిట్లు పడినప్పుడే ఎక్కువగా కనిపించింది. నిజంగా తిన్నదా లేదా అన్నదానితో సంబంధమే లేదు. పైగా ఏమీ తినకుండానే తిట్లు పడ్డ కుక్కల్లో అది ఇంకాస్త ఎక్కువ. అంటే ఆ పొద్దున చిట్టి మొహంలో నేను చూసింది నా అరుపుకి పుట్టిన భయం. రాత్రి రెండింటికి జరిగినదానికి ఆరింటికి తిడితే, ఆ రెంటినీ కలిపి చూసుకోవడం కుక్క వల్ల కాదు. కొన్ని కుక్కలైతే ఆ భయానికే అక్కడికక్కడ చుక్కలు రాలుస్తాయి.

అప్పుడు మా అమ్మ ఒంగోలు నుంచి వచ్చి మా దగ్గరే ఉంది. "దాన్ని తిట్టడం ఆపి ఆ నీళ్ల గిన్నె చూడరా. నిన్న మూడుసార్లు నింపాను" అంది.

ఆ మాట మీద కొలవడం మొదలుపెట్టాను. లీటరు సీసాతో కొలిచి పోయడం, మర్నాడు అదే టైముకి మిగిలింది లెక్కలోంచి తీసేయడం. ఆరోగ్యంగా ఉన్న కుక్క రోజుకి కిలో బరువుకి దాదాపు 50, 60 మిల్లీలీటర్లు తాగుతుంది. ఎండాకాలంలో ఇంకొంచెం. 100 దాటితే డాక్టర్లు అతిదాహం కింద లెక్కేస్తారు. చిట్టికి ఆ హద్దు 1,800. అది తాగింది 2,300, పెరుగన్నంలో ఉండే నీళ్లు కలపకుండానే.

ఇంట్లో పోస్తోంది అనేది ఒక్క మాటే గానీ, ఎలా పోస్తోంది అన్నదాన్ని బట్టి కారణం మారిపోతుంది. మాటిమాటికీ కూర్చుని కొంచెం కొంచెం పోస్తూ, ముక్కుతూ, వెనక నాక్కుంటుంటే ఇన్ఫెక్షనో రాళ్లో అయ్యుండొచ్చు. పడుకున్న చోటే తడిగా ఉండి, దానికే తెలియకుండా కారిపోతుంటే, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేసిన ఆడకుక్కల్లో మూత్రాన్ని ఆపే కండరం వదులైందేమో చూడాలి. దానికి మందులున్నాయి. పెద్ద పెద్ద మడుగులు, వాటికి తగ్గ దాహం ఉంటే మాత్రం కిడ్నీలు, షుగర్, హార్మోన్ల వైపు వెళ్లాలి. కిడ్నీల్లో మూడింట రెండొంతులు దెబ్బతినేసరికే మూత్రాన్ని చిక్కబరిచే శక్తి పోతుంది. రక్తపరీక్షలో క్రియాటినిన్ (కిడ్నీలు బయటికి పంపాల్సిన వ్యర్థం) పెరగడం సాధారణంగా ఆ తర్వాతే. అందుకే ఈ నేల తడిని తేలిగ్గా తీసుకోకూడదు.

మర్నాడు పొద్దున్నే కింద గడ్డిలో చిట్టి కూర్చోగానే పాత పప్పు గరిటె వెనకనించి జాపి నాలుగు చెంచాల మూత్రం పట్టాను. గరిటెలో అది నీళ్లలాగే ఉంది, పసుపు జాడే లేదు. నీటి సాంద్రత 1.000 అనుకుంటే కుక్క మూత్రం పొద్దున పూట 1.030 దాటి ఉండాలి. డాక్టర్ దగ్గర పరీక్ష చేయిస్తే చిట్టిది 1.008. షుగర్ లేదు, ఇన్ఫెక్షన్ లేదు, కిడ్నీలు బాగున్నాయి. డాక్టర్ అడిగిన తర్వాతే మాకు వెలిగింది: పది రోజుల క్రితం దురదకి ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్ మాత్రలు మొదలుపెట్టాం.

మెదడు అడుగునున్న పిట్యూటరీ గ్రంథి నుంచి వచ్చే ఏడీహెచ్ అనే హార్మోన్, నీటిని ఒంట్లోకి వెనక్కి లాక్కోమని కిడ్నీలకి చెప్తుంది. స్టెరాయిడ్ ఆ హార్మోన్ పనికి అడ్డుపడుతుంది. నీళ్లు బయటికి పోతాయి, ఒళ్లు ఎండుతుంది, దాహం వేస్తుంది. రాత్రిపూట గిన్నె తీసేద్దామని నాకూ అనిపించింది. అదే చేసుంటే దానికి ప్రాణం మీదికొచ్చేది. మాత్రలు మనంతట మనం ఆపేయడమూ అంతే ప్రమాదం. బయటినుంచి స్టెరాయిడ్ అందుతున్నన్నాళ్లు ఒంట్లో దాన్ని తయారుచేసే అడ్రినల్ గ్రంథులు మందగిస్తాయి, మళ్లీ పనిలో పడడానికి టైము కావాలి. డాక్టర్ చెప్పినట్టు డోసు మెల్లగా తగ్గించాం. చివరికి చిట్టి తాగే నీళ్లు రోజుకి లీటరు దగ్గర నిలబడ్డాయి.

అయినా ఆ మూల ఇంకో రెండు రాత్రులు తడిసింది. ఈసారి కారణం దాని ముక్కు. వాసన పట్టే కణాలు మనకి 50, 60 లక్షలుంటే కుక్కకి 20 కోట్లకు పైమాటే. ఫినాయిల్‌తో తుడిస్తే మూత్రం వాసన మనకి పోతుంది, దానికి పోదు. ఇక్కడే పోయాలన్న గుర్తు అలాగే ఉంటుంది. అమోనియా ఉన్న క్లీనర్ ఇంకా నష్టం, ఎందుకంటే మూత్రంలోని యూరియా విడిపోయినా వచ్చేది అమోనియానే. పెట్ షాపుల్లో దొరికే ఎంజైమ్ క్లీనర్ పోసి, సీసా మీద రాసినంత సేపు తడిగా ఉంచి, ఆపైన ఆరనిచ్చాం. టైల్స్ సందుల్లోకి దిగేలా రెండుసార్లు పోశాం.

తర్వాత చిట్టిని మళ్లీ చిన్నపిల్లలా చూసుకున్నాం. రాత్రి ఒంటిగంటకి అలారం పెట్టుకుని కిందికి తీసుకెళ్లడం. గడ్డిలో పని కానిచ్చిన క్షణంలోనే, ఇంటికొచ్చేదాకా ఆగకుండా, చిన్న చికెన్ ముక్క. తిన్న చోట, పడుకున్న చోట కుక్కలు మామూలుగా పోయవు. అందుకని అమ్మ దాని అన్నం గిన్నె తెచ్చి బాల్కనీ తలుపు పక్కనే పెట్టింది. మూడో వారంలో ఒంటిగంట అలారం తీసేశాం. గిన్నె ఇప్పటికీ అక్కడే ఉంది.