గీత కన్నా ముందున్న ఊరు

పర్లాకిమిడి,
కార్తీక పౌర్ణమి మర్నాడు.

చిరంజీవులు శ్రావ్యకి, నానికి,

అమ్మమ్మ ఆశీస్సులు. మొన్న మాట్లాడుతుంటే మధ్యలో సిగ్నల్ పోయింది కదా, పోవడమే మంచిదైంది. ఫోన్లో అయితే ఏదో రెండు ముక్కలు చెప్పి ఊరుకునేదాన్ని. "అమ్మమ్మా, మీది ఒడిశా కదా, మరి మీరంతా తెలుగెందుకు మాట్లాడతారు? అసలు మీ ఊళ్ళో చూడ్డానికేముంది?" అన్నాడు నాని. వాడు అడిగినవి రెండు ప్రశ్నలు. నాకు మాత్రం రెండిటికీ జవాబు ఒక్క చోటే ఉందనిపించింది. అందుకే కాగితం తీశాను.

నిన్న తెల్లవారుజామున నాలుగింటికే మా ఏరు మహేంద్రతనయ ఒడ్డుకి వెళ్ళాం. మనవాళ్ళు అరటి దొప్పల్లో దీపాలు వదిలారు. ఒడియావాళ్ళు అరటి బోదెతో పడవలు చేసి, వాటిల్లో దీపం, ఆకు వక్క పెట్టి వదిలారు. పూర్వం కళింగ వర్తకులు ఓడలెక్కి జావా, బాలి వైపు వెళ్ళేవారు. వాళ్ళని తలుచుకుంటూ చేసే పండగ అది. పక్కింటి మాఉసీ (ఒడియాలో పిన్ని అని) పడవా, నా దొప్పా ఒకే రాయి దగ్గర చిక్కుకుంటే ఇద్దరం ఒకే కర్రతో తోశాం. ఆవిడ పడవకీ నా దొప్పకీ అరటి మా పెరట్లోదే. ఆవిడ ముందురోజు సాయంత్రం వచ్చి బోదె కొట్టుకెళ్ళింది, నాకు అడగడం కూడా అక్కర్లేదన్నట్టు.

ముందు నాని మొదటి ప్రశ్న సంగతి. ఈ ఊరు ఒకప్పుడు మద్రాసు రాష్ట్రంలో, గంజాం జిల్లాలో ఉండేది. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా వేరే రాష్ట్రమైంది. అప్పుడు పటం మీద ఒక గీత గీశారు. పర్లాకిమిడి జమీందారీ రెండు ముక్కలైంది. మా ఊరు ఒరిస్సాలోకి వెళ్ళింది, పాతపట్నం, టెక్కలి మద్రాసులోనే ఉండిపోయాయి. ఇళ్ళు, బంధువులు, పొలాలు ఎక్కడివక్కడే ఉన్నాయి, గీత మాత్రం వచ్చి మధ్యలో కూర్చుంది. 1992లో గంజాం నుంచి విడదీసి మాకు గజపతి జిల్లా అని పేరు పెట్టారు. అది మా మహారాజు పేరే, కృష్ణచంద్ర గజపతి నారాయణదేవ్. లండన్లో రౌండ్ టేబుల్ సమావేశానికి వెళ్ళి ఒడియావాళ్ళకి వేరే రాష్ట్రం కావాలని అడిగింది ఆయనే. 1937లో ఒరిస్సాకి మొదటి ప్రధానమంత్రి అయిందీ ఆయనే. అప్పట్లో రాష్ట్రాల ముఖ్యమంత్రుల్ని అలాగే అనేవారు, కంగారు పడకండి.

ఇప్పుడు చూడ్డానికేముందో చెప్తాను. ముందు నాకిష్టమైనదే చెప్తా, రైలు.

నేను టెక్కలి నుంచి ఈ ఊరికి కోడలిగా వచ్చింది చిన్న రైల్లో. పట్టాల మధ్య వెడల్పు రెండడుగుల ఆరంగుళాలే. శ్రావ్యా, నువ్వు రెండు చేతులూ బార చాపితే అంతకన్నా ఎక్కువే వస్తుంది. ఈ లైను సర్కారు వేసింది కాదు. గౌరచంద్ర గజపతి రాజావారు సొంత డబ్బుతో వేయించారు. కలకత్తా, మద్రాసు మధ్య నడిచే పెద్ద లైను నౌపడ మీదుగా పోతుంది. అక్కణ్ణించి ఊరికి పాతిక మైళ్ళు. ఆ పాతిక మైళ్ళూ ఎడ్లబండి మీద రావడం ఎందుకని, నౌపడ నుంచి ఇక్కడిదాకా చిన్న లైను వేయించారు. 1900లో బండి నడవడం మొదలైంది. తర్వాత 1931కల్లా గుణుపురం దాకా పొడిగించారు. కొండల మీది కర్ర, చింతపండు దిగువకీ, నౌపడ ఉప్పు ఎగువకీ వెళ్ళేవి. మొదట్లో ఈ లైను మీద లాభం లేదట. రాజావారు చేతి డబ్బు పోసి మరీ నడిపారు. లెక్కలు చూసుకునేవాళ్ళయితే ఈ పని చేసేవారు కాదు, నాకు ఆయనంటే ఇష్టం అందుకే.

నా పెళ్ళి పట్టుచీరకి ఆ బొగ్గింజను నిప్పురవ్వ పడి చిల్లు పడింది. కిటికీ పక్కన కూర్చోవద్దని మా అమ్మ చెప్తూనే ఉంది, వింటేనా. ఆ చీర ఇంకా నా పెట్టెలో ఉంది, చిల్లు చూపిస్తా రండి. 2004 జూన్లో చిన్న పట్టాలు ఆపేశారు. ఆ రోజు స్టేషన్లో జనం పండక్కి వచ్చినట్టు వచ్చి, ఏడ్చినట్టు వెళ్ళారు. 2011కల్లా పెద్ద పట్టాలు గుణుపురం దాకా పడ్డాయి. ఇప్పుడు మీరు విశాఖపట్నంలో ఎక్కితే దిగకుండా మా ఊరు వచ్చేయొచ్చు. సుఖమే, కాదనను. కానీ ఆ చిన్న బండి ఎంత మెల్లగా వెళ్ళేదంటే మీ తాతయ్య ఒకసారి దిగి, పొలంలో చెరకు గడ విరుచుకుని, మళ్ళీ అదే పెట్టె ఎక్కారు. ఆయన చెప్పిందే, నేను చూళ్ళేదు. ఆయన మాటలో సగం తీసేసుకోండి.

ఇక కోట. దాన్ని గజపతి పేలస్ అంటారు. గీసింది రాబర్ట్ చిషోమ్ అని ఇంగ్లీషాయన. మద్రాసు యూనివర్సిటీ సెనేట్ హౌస్ కూడా ఆయన పనే. అప్పట్లో మన పెద్ద ఊరు మద్రాసే కాబట్టి మేస్త్రీకి ప్లాను కావాలన్నా, పిల్లాడికి కాలేజీ కావాలన్నా చూపు అటువైపే. ఆ కాలం ఇంజనీర్లు మన గుమ్మటాల్ని, తురకల కమానుల్ని, తమ దేశపు గోడల్ని కలిపి కట్టేవారు. ఏరు పక్కన బృందావన్ పేలస్ అని ఇంకోటి ఉంది. ఒక కోట నుంచి ఇంకో కోటకి నేల కింద సొరంగం ఉందని అంటారు. ఊళ్ళో ప్రతి ముసలాయనా దాన్ని చూశానంటాడు, ఎక్కడుందో ఎవరూ చూపించరు. గోడలకి రావి మొక్కలు మొలిచి పగుళ్ళొచ్చాయి. సున్నపు గోడలో రావి వేరు దూరితే గోడ ఊరికే కూలదు, కొంచెం కొంచెంగా విచ్చుకుంటుంది. పైకొమ్మ కోసేసి ఫొటో తీసుకుంటే సరిపోదు, వేరు చావాలి. మా ఇంటి వెనక గోడ విషయంలో నేర్చుకున్న పాఠం ఇది. రెండుసార్లు కొమ్మ కోసి మూడోసారి గోడే కట్టించుకున్నాం.

కోట దగ్గర్నించి వస్తూ బజారులో కొమ్ము పని చూడండి. ఎద్దు, గేదె కొమ్ముల్ని వేడి చేసి, మెత్తబడ్డాక వంచి, ఆకురాయితో అరగదీసి కొంగలు, రొయ్యలు, దువ్వెనలు చేస్తారు. చేసేవాళ్ళు బాగా తగ్గిపోయారు. బేరమాడకండి.

అసలు సంగతి కొండ. మహేంద్రగిరి. ఎత్తు 1,501 మీటర్లు, మీ కైలాసగిరి దాని మోకాలికి కూడా రాదు. కింద చెమటలు కారుతుంటే పైన ఎనిమిది, తొమ్మిది డిగ్రీలు తక్కువ ఉంటుంది. పైకి పోయేకొద్దీ గాలి పలచబడి చల్లబడుతుంది, కిలోమీటరుకి సుమారు ఆరు డిగ్రీల లెక్క. మా ఏరు మహేంద్రతనయ పుట్టింది ఆ కొండ మీదే. పేరులోనే ఉంది చూడండి, మహేంద్రుడి కూతురు. మా ఊరు ఒరుసుకుంటూ వెళ్ళి వంశధారలో కలుస్తుంది. పురాణాల్లో ఏడు కులపర్వతాల్లో మొదట చెప్పేది ఈ కొండ పేరే. పరశురాముడు ఇక్కడే తపస్సు చేసుకుంటున్నాడంటారు. పైన భీముడి గుడి, కుంతి గుడి, ధర్మరాజు గుడి అని మూడు రాతి గుళ్ళున్నాయి. పాండవుల పేర్లు జనం పెట్టుకున్నవి. కళింగాన్ని ఏలిన గంగరాజులు మాత్రం తమ శాసనాల్లో మహేంద్రగిరి మీది గోకర్ణేశ్వరుడికి దణ్ణం పెట్టాకే మిగతా మాట ఎత్తేవారు. భీముడి గుడి చిన్నదే, కానీ దాని రాళ్ళు చూస్తే వీటిని ఎవరు ఎత్తారు అని నోరు తెరుస్తారు. భీముడు కాకపోతే ఇంకెవరు అని జనం అనుకోవడంలో తప్పేం లేదు. పదకొండో శతాబ్దంలో ఇంత దూరం వచ్చిన రాజేంద్ర చోళుడి శాసనం కూడా అక్కడుంది. సంస్కృతంలో, తమిళంలో, చోళుల పులి, పక్కన రెండు చేపలు. నానీ, గుర్తుపెట్టుకో, ఒడిశాలో ఉన్న కొండ మీద తమిళం.

పెళ్ళయిన మరుసటేడు శివరాత్రికి మేమిద్దరం ఎక్కాం. అప్పుడు జీపు దారి లేదు. నేను నూలు చీర కట్టి, హవాయి చెప్పులేసుకుని బయల్దేరాను, కొత్త కోడలి తెలివి. సగం కొండెక్కేసరికి మంచు కమ్మేసింది. చెప్పు తెగింది. దారి తప్పి గంట తిరిగాం. మీ తాతయ్య ధైర్యంగా ఉన్నట్టు నటించారు, నాకైతే ఏడుపే. చివరికి నెగడు వెలుగు కనిపిస్తే వెళ్ళాం. ఆ కొండల్లో ఉండే సవర తెగ పెద్దావిడ ఒకావిడ మమ్మల్ని మంట దగ్గర కూర్చోబెట్టి చోడి అంబలి ఇచ్చింది. ఆవిడకి తెలుగు రాదు, నాకు సవర రాదు. థాంక్స్ ఎలా చెప్పాలో తెలీక బొట్టు పెట్టాను. ఆవిడ నవ్వింది. తెల్లారి మంచు విడిపోయాక పైకెక్కితే తూర్పున సముద్రం గీతలా మెరిసింది.

అప్పుడు సిగ్గేసింది నాకు. ఎందుకంటే ఇదే ఊళ్ళో, నూరేళ్ళ కిందట, సవరలతో వాళ్ళ మాటలోనే మాట్లాడాలని ఒక తెలుగు పంతులుగారు ఒక సవరని ఇంట్లో పెట్టుకుని ఆ భాష నేర్చుకున్నారు. గిడుగు వెంకట రామమూర్తిగారు. రాజావారి స్కూల్లో పాఠాలు చెప్పడానికి 1880లో వచ్చి, తర్వాత ఇక్కడి కాలేజీలో చెప్పారు. సవర పిల్లలకి బళ్ళు పెట్టించారు, ఆ భాషకి వ్యాకరణం, నిఘంటువు రాశారు. శ్రీముఖలింగం గుడి గోడల మీది పాత శాసనాలు చదవడం కూడా తనంతట తనే నేర్చుకున్నారు. మీ స్కూల్లో ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం చేస్తారే, అది ఆయన పుట్టినరోజు. పుస్తకాల్లో ఎవరూ మాట్లాడని తెలుగు ఎందుకు, మాట్లాడే తెలుగే రాద్దామని పోట్లాడిన మనిషి. ఈ ఉత్తరం మీకు డిక్షనరీ లేకుండా అర్థమవుతోందంటే అందులో ఆయన వాటా ఉంది.

మరి 1936లో గీత పడింది కదా. మహారాజు కోరుకున్నది జరిగింది. గిడుగువారు కోరుకున్నది జరగలేదు. డెబ్భై దాటిన వయసులో ఇల్లు, ఊరు వదిలి రాజమండ్రి వెళ్ళిపోయారు. నాకు ఇద్దరి మీదా కోపం లేదు. ఎవరి భాష మీద ప్రేమ వాళ్ళది. అదే ఏడాది గుణుపురం వైపు మంగేయి గొమాంగో అనే సవరాయన తన భాషకి సొంత లిపి తయారు చేశాడు. తెలుగువాళ్ళూ ఒడియావాళ్ళూ ఊరు ఎవరిదని తగువు పడుతుంటే, ఇద్దరికన్నా ముందు నుంచీ కొండ మీదున్నవాళ్ళు అక్షరాలు దిద్దుకున్నారు. మీ పాఠ్యపుస్తకంలో ఇది ఉండదులే.

ముఖలింగం ఒక్క పూటలో వెళ్ళి రావచ్చు, వంశధార ఒడ్డున. గంగరాజుల కళింగనగరం అదే అంటారు. మధుకేశ్వరుడి గుడి గోడల మీద శిల్పాలు మెల్లగా చూడాలి, అరగంటలో తెమిలేది కాదు. ఆ వంశంలో పుట్టిన అనంతవర్మ చోడగంగ దేవుడు కటక్ వైపు రాజధాని మార్చి, పూరీ జగన్నాథుడి గుడి కట్టించడం మొదలుపెట్టాడు. ముఖలింగం ఆంధ్రాలో, పూరీ ఒడిశాలో. కట్టినవాళ్ళు మాత్రం ఒక్కరే. నానీ, నీ మొదటి ప్రశ్నకి నాకన్నా ఆ గోడలే బాగా చెప్తాయి.

గండహతి జలపాతానికి కూడా తీసుకెళ్తాను, ఆదివారం మాత్రం వద్దు. జనం, స్పీకర్లు, కురుకురే కవర్లు. చంద్రగిరి వైపు టిబెట్ వాళ్ళ ఊళ్ళున్నాయి, 1960ల్లో వచ్చి స్థిరపడ్డారు. అక్కడి పెద్ద బౌద్ధ ఆరామాన్ని 2010లో దలైలామా వచ్చి తెరిచారు. శ్రావ్య అడిగిన ఫొటోలు అక్కడ బాగా వస్తాయి.

సంక్రాంతి సెలవులకి వచ్చేయండి. గుణుపురం పాసింజరు ఎక్కండి. నౌపడ దాటాక కిటికీ పక్కన కూర్చోండి, ఇప్పుడు నిప్పురవ్వలు పడవు. పాతపట్నం బోర్డు తెలుగులో ఉంటుంది, పర్లాకిమిడి బోర్డు ఒడియాలో ఉంటుంది. రెండిటి మధ్య ఏదైనా మారినట్టు కనిపిస్తే ఒక కాగితం మీద రాసి ఉంచు నానీ, దిగాక మాఉసీకి కూడా చదివి వినిపిద్దాం. ఆవిడకి తెలుగు వచ్చులే, నా ఒడియా కన్నా బాగా.

స్వెట్టర్లు మర్చిపోవద్దు. చెప్పులు కాదు, బూట్లు.

మీ అమ్మమ్మ