"సేకరణ" అని పెడితే సరిపోతుందా? బ్లాగుల మీద అపోహలు, వాస్తవాలు

పోయిన వారం ఒకావిడ ఫోన్ చేశారు. రిటైరైన టీచరు. నాలుగేళ్ళ కిందట తన బ్లాగులో రాసుకున్న పెరటి ముచ్చట ఒక పత్రిక ఆదివారం అనుబంధంలో అచ్చయిందట. అక్షరం పొల్లుపోలేదు. పేరుండాల్సిన చోట మాత్రం "సేకరణ" అని ఉంది. ఆవిడ డబ్బుల మాటే ఎత్తలేదు. "బాబూ, నేను కాపీరైట్ రిజిస్టరు చేయించుకోలేదు. ఇప్పుడు అడిగితే తిరిగి నా మీదే కేసు పెడతారా?" అన్నారు.

ఇలాంటి ఫోన్లు నాకు కొత్త కాదు. కొన్నేళ్ళు పత్రిక డెస్కులో పనిచేసి, ఆ తర్వాత బ్లాగులు రాస్తూ, రాసేవాళ్ళకి సాయం చేస్తూ వస్తున్నాను. కాబట్టి అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసే అపోహ ముందు.

అపోహ: నెట్‌లో పెట్టింది ఊరి చెరువు నీళ్ళ లాంటిది, ఎవరైనా తోడుకోవచ్చు. రిజిస్ట్రేషన్ లేకపోతే హక్కు లేదు.

వాస్తవం: మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. దాని ప్రకారం రాసిన క్షణం నుంచే హక్కు రాసినవాళ్ళది. రిజిస్ట్రేషన్ ఉంటే రుజువుకి పనికొస్తుంది, అంతే. లేకపోయినా హక్కు ఎక్కడికీ పోదు. రచయిత బతికున్నంత కాలం, ఆ తర్వాత మరో 60 ఏళ్ళు ఉంటుంది. కాగితం మీద రాశారా, బ్లాగులో రాశారా అన్న తేడా లేదు. ఇక 57వ సెక్షన్ ఉంది చూశారూ, అది ఇంకా గట్టిది. హక్కులు అమ్మేసుకున్నా సరే, "ఇది రాసింది నేనే" అని చెప్పుకునే హక్కు మాత్రం రచయితకే ఉంటుంది. "సేకరణ" అన్న మాట సరిగ్గా దాన్నే తుడిచేస్తుంది. ఎవరి దగ్గర సేకరించారో చెప్పని సేకరణ ఏం సేకరణ?

ఇంత కోపంగా రాస్తున్నాను గానీ, ఆ పని నేనూ చేశాను. ఆదివారం అనుబంధం డెస్కులో ఉన్న రోజులు. రాత్రి పేజీ పెట్టేయాలి, మ్యాటర్ చాలలేదు. అప్పుడే చదివిన ఒక బ్లాగు పోస్టులోంచి మూడు పేరాలు ఎత్తి ఫిల్లర్‌గా వేసి, కింద "ఇంటర్నెట్ నుంచి" అని పెట్టాను. దొంగతనం అని తట్టనే లేదు. రాసినాయన ఆఫీసుకి ఫోన్ చేసి, "బాగుందనిపించిందన్నమాట, సంతోషం. పేరు కూడా వేసుంటే మా అమ్మకి చూపించేవాణ్ణి" అన్నాడు. తిట్టినా బాగుండేది.

అప్పట్లో డెస్కుల్లో బ్లాగంటే ఉన్న అభిప్రాయం అది. 2006 జూలైలో, ముంబై రైళ్ళలో పేలుళ్ళు జరిగిన వారంలోనే, కొన్ని పేజీలు ఆపమని కేంద్రం ఆదేశిస్తే ఇంటర్నెట్ కంపెనీలు ఏకంగా గూగుల్ వాళ్ళ బ్లాగుల వేదిక బ్లాగ్‌స్పాట్ మొత్తాన్నీ మూసి కూర్చున్నాయి. తెలుగు బ్లాగుల్లో కొత్త పోస్టుల కోసం రోజూ చూసేవాళ్ళం గిలగిల్లాడిపోయాం. పక్క సీటాయన మాత్రం "పోతే పోయాయి, డైరీలేగా" అన్నాడు. డైరీలే. కానీ పేజీ నిండనప్పుడు ఆ డైరీలే అక్కరకొచ్చేవి.

ఒక మెలిక ఉంది, జాగ్రత్త. వర్తమాన ఆర్థిక, రాజకీయ, సామాజిక, మత విషయాల మీద వ్యాసాలను పత్రికలు తిరిగి వేసుకోవచ్చని 52వ సెక్షన్‌లో ఒక మినహాయింపు ఉంది. రచయిత ఆ హక్కు తనదేనని ముందే స్పష్టంగా చెప్పి ఉంటే ఆ మినహాయింపు చెల్లదు. అందుకని బ్లాగు అడుగున "సర్వహక్కులు రచయితవి, అనుమతి లేకుండా పునర్ముద్రించరాదు" అని ఒక్క లైను పెట్టుకోండి. పైసా ఖర్చు లేదు. అలాగే హక్కు మీరు రాసిన తీరుకే గానీ, విషయానికి కాదు. గోంగూర పచ్చడి చేసే పద్ధతి ఎవరి సొత్తూ కాదు. దాని గురించి మీరు రాసిన వాక్యాలు మీవి.

ఇక చేయాల్సింది. కోపంలో పోస్టు తీసేయకండి, మార్చకండి. అందులోని తేదీయే మీ సాక్ష్యం. పత్రిక పేజీ దాచండి, మీ పోస్టు స్క్రీన్‌షాట్ తీసుకోండి, వెబ్ పేజీల పాత కాపీలు దాచే వేబ్యాక్ మెషీన్ సైటులో భద్రం చేయండి. పత్రికలో అడుగున చిన్న అక్షరాల్లో ఇంప్రింట్ లైను ఉంటుంది, సంపాదకుడి పేరు, చిరునామా అక్కడే దొరుకుతాయి. ఆ చిరునామాకి మర్యాదగా ఉత్తరం రాయండి. నేను చూసినంతలో చాలా గొడవలు సవరణతోనో చిన్న పారితోషికంతోనో అక్కడే తేలిపోతాయి. తేలకపోతే అప్పుడు లాయరు. కాపీ చేసింది మరో బ్లాగైతే, దాన్ని నడిపే కంపెనీకే ఫిర్యాదు చేయొచ్చు. గూగుల్‌కి దీనికోసం ఫారమే ఉంది.

మిగతావి గబగబా చెప్పేస్తాను.

మారుపేరుతో రాస్తే హక్కుండదంటారు. ఉంటుంది. అసలు పేరు బయటపెట్టకపోతే ప్రచురించిన నాటి నుంచి 60 ఏళ్ళు లెక్క.

బ్లాగుకి లైసెన్సు కావాలట! ఎవరు పుట్టిస్తారో ఇవి. 2021 ఐటీ నియమాల్లో వార్తా ప్రచురణకర్తలకు పెట్టిన షరతులు వ్యాపారంగా, వృత్తిగా నడిపేవాళ్ళకి. సొంత సరదాకి రాసుకునేవాళ్ళు ఆ నిర్వచనంలోకే రారు.

నెట్‌లో అభ్యంతరకరంగా రాస్తే శిక్ష వేసే ఐటీ చట్టం 66ఏ సెక్షన్ కింద లోపలేస్తారు అని ఇప్పటికీ వాట్సాప్‌లో తిరుగుతూనే ఉంది. ఆ సెక్షన్‌ని సుప్రీంకోర్టు 2015 మార్చి 24న కొట్టేసింది. అలాగని నోటికొచ్చింది రాయమని కాదు. పరువు నష్టం ఇంకా నేరమే, భారతీయ న్యాయ సంహితలో 356వ సెక్షన్. పేరు చెప్పకుండా "ఆ వీధి చివరి డాక్టరు" అన్నా, ఎవరో తెలిసిపోతే చిక్కే.

టీచరుగారు నిన్న సంపాదకుడికి ఉత్తరం పంపారు. ముసాయిదా నేనే రాసిచ్చాను. అందులో రెండు వత్తులు దిద్ది, "పునర్ముద్రణ" ఎలా రాయాలో నాకు చెప్పి మరీ పంపారు.