పెళ్లి కాని జంట, చట్టం: మా ఆఫీసులో తరచూ వినే అపోహలు

"లాయర్ గారూ, చట్టం లెక్కలో మేం కుటుంబమేనా?" అని అడిగితే నేను ఎదురు ప్రశ్న వేస్తాను: ఏ చట్టం లెక్కలో? మన దేశంలో ఒక్కో చట్టం కుటుంబానికి ఒక్కో అర్థం చెబుతుంది.

అపోహ: ఇన్నేళ్లు కలిసి ఉంటే పెళ్లయినట్టే.

వాస్తవం: అలాంటి గడువేదీ లేదు. చాలాకాలం భార్యాభర్తల్లా బతికినవాళ్లను దంపతులుగానే భావించవచ్చని సుప్రీంకోర్టు 2022లోనూ చెప్పింది. కానీ అవతలివాళ్లు పెళ్లి జరగలేదని రుజువు చేయొచ్చు. "మేం పెళ్లి చేసుకోలేదు" అని మీరే అంటే ఇక ఆ వాదన నిలవదు.

అపోహ: తాళి లేకపోతే రక్షణ లేదు.

వాస్తవం: 2005 నాటి గృహహింస చట్టం పెళ్లిలాంటి సంబంధంలో ఉన్న స్త్రీకీ వర్తిస్తుంది. అయితే ఇద్దరికీ పెళ్లి వయసు, అర్హత ఉండాలని, నలుగురిలో దంపతుల్లా మెలగాలని 2010లో వేలుస్వామి కేసులో సుప్రీంకోర్టు షరతులు పెట్టింది. ఒకరికి ముందే పెళ్లయి ఉంటే చిక్కంతా అక్కడే.

అపోహ: నామినీగా పేరుంటే డబ్బు నాదే.

వాస్తవం: ఎక్కువమంది మునిగేది ఇక్కడే. ఒకావిడ డిపాజిట్ కాగితాలు పట్టుకుని వచ్చింది. పదకొండేళ్లు కలిసి ఉన్న మనిషి పోయాడు. నామినీ ఈవిడే, సంబంధం అన్న గడిలో "స్నేహితురాలు" అని అతని చేతిరాత. బ్యాంకు డబ్బిచ్చింది. నెల తిరక్కుండానే అతని తల్లి తరఫున నోటీసు వచ్చింది. నామినీ డబ్బు అందుకుంటారంతే, హక్కు వారసులది. బీమా విషయంలో 1983లో, బ్యాంకు ఖాతాల విషయంలో 2010లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది. బీమాలో 2015 సవరణతో భార్య లేదా భర్త, తల్లిదండ్రులు, పిల్లలు నామినీలైతే సొమ్ము వాళ్లదే అయింది. సహజీవన భాగస్వామి ఆ జాబితాలో లేరు. హిందూ వారసత్వ చట్టంలోనూ లేరు. ఉద్యోగం ముగిసినప్పుడు యజమాని ఇచ్చే గ్రాట్యుటీ సొమ్ము విషయంలో చట్టం ఇంకా మొండి: చట్టం చెప్పిన కుటుంబం ఉండగా బయటివాళ్ల పేరు రాస్తే ఆ నామినేషనే చెల్లదు.

అతను వీలునామా రాసి ఉంటే ఆ డిపాజిట్ ఈవిడకే దక్కేది. ఇద్దరు సాక్షులు చాలు, రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు. (నేనైతే చేయించమంటాను, తర్వాత కోర్టులో నాకే టెన్షన్ తగ్గుతుంది.)

అపోహ: వైద్యం విషయంలో రక్తసంబంధీకులదే మాట.

వాస్తవం: అన్నిచోట్లా కాదు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మేజరైన ఎవరైనా తమ ప్రతినిధిగా తమకు నచ్చిన మేజర్‌ను పెట్టుకోవచ్చు. తెల్లకాగితం మీద రాసి సంతకం చేస్తే సరి. ఆ మనిషి మీకేమవుతారని చట్టం అడగదు.