జూడో జాకెట్ నుంచి రాష్ గార్డు దాకా: కుట్టేవాళ్ల వైపు నుంచి కొన్ని అపోహలు, వాస్తవాలు

అనంతపురం చుట్టుపక్కల జూడో, కరాటే, బాక్సింగ్, కుస్తీ పిల్లలకు బట్టలు కుట్టించే పని మాది. ఆర్డర్ ఇవ్వడానికి వచ్చిన కోచ్‌లైనా, తల్లిదండ్రులైనా ముందు అడిగేవి మూడే: బట్ట ఎంత మందం, ఏ రంగు, పేరు ఎక్కడ వేస్తారు. కుట్టు గురించి అడిగేవాళ్లు అరుదు. ఈ ఆటల్లో బట్ట మీద పడే బలమంతా ముందు మోసేది కుట్టే.

అపోహ: జీన్స్ కుట్టే షెడ్డుకి ఇస్తే ఇవీ కుట్టేస్తారు

ఇందులో సగం నిజం ఉంది. రాయదుర్గంలో జీన్స్ కుట్టి చెయ్యి తిరిగినవాళ్లకు జూడో జాకెట్ కొత్త కాదు. మందపాటి బట్ట, జంట కుట్లు, బలం పడేచోట బార్‌ట్యాక్ (ఒకేచోట దగ్గరదగ్గరగా వేసే గట్టి కుట్టు), ఇవన్నీ వాళ్లు రోజూ చేసే పనులే. భుజం మీద, పక్క చీలిక పైకొసన, ప్యాంటు మోకాలి దగ్గర అదనపు బట్ట వేసి వరుసగా కుడితే చాలావరకు పని అయిపోయినట్టే. మన జిల్లా పనివాళ్లకు ఇది మంచి దారి అని నేను గట్టిగా నమ్ముతాను.

చిక్కు రాష్ గార్డు దగ్గర, అంటే ఒంటికి అతుక్కుని ఉండే సాధన చొక్కా దగ్గర మొదలవుతుంది. అది పాలిస్టర్‌లో ఇంచుమించు ఐదో వంతు లైక్రా (సాగే పోగు) కలిసిన అల్లిక బట్ట, నాలుగు వైపులా సాగుతుంది. మామూలు పవర్ మిషన్ కుట్టు సాగదు. బట్ట సాగి దారం సాగకపోతే తెగేది దారమే. అందుకే ఫ్లాట్‌లాక్ మిషన్ కావాలి. నాలుగు సూదులు, ఆరు దారాలతో రెండు అంచులనూ పక్కపక్కనే పరిచి కలుపుతుంది. కుట్టు బట్టతో పాటు సాగుతుంది, లోపల గట్టు ఉండదు కాబట్టి మ్యాట్ మీద దొర్లినప్పుడు చర్మం ఒరుసుకుపోదు. సూది కూడా వేరు. మొన వాడిగా ఉన్నది అల్లిక పోగులను కోసేస్తుంది, కొన్ని ఉతుకులకే చిన్న చిన్న రంధ్రాలు బయటపడతాయి. మొన గుండ్రంగా ఉన్న బాల్ పాయింట్ సూది పోగుల మధ్య సందు చూసుకుని దిగుతుంది.

కొనేటప్పుడు ఒక పని చెయ్యండి. చంక దగ్గర కుట్టుని రెండు చేతులతో పొడుగునా గట్టిగా లాగండి. టిక్కుమని చప్పుడు వస్తే దారం తెగినట్టే, అక్కడే తిరిగి ఇచ్చేయండి.

అపోహ: బట్ట ఎంత మందమైతే అంత మంచిది

అంతర్జాతీయ జూడో సమాఖ్య పోటీల జాకెట్‌కి చదరపు మీటరుకు 650 నుంచి 750 గ్రాముల బట్ట అడుగుతుంది. ఆ లెక్క చూసి పదేళ్ల పిల్లకి కూడా అదే కావాలంటారు. పత్తి చెమటను పీల్చి పట్టుకుంటుంది. ఏప్రిల్‌లో మన ఊరి రేకుల షెడ్డు కింద గంట సాధన చేస్తే ఆ జాకెట్ బరువు పిల్ల భుజాల మీదే పడుతుంది. నేర్చుకునే రోజుల్లో పలుచటి నేత చాలు. కరాటేలో ఒకే ఆటకి రెండు రకాలు కావాలి: కుమితేకి (ఎదురెదురు పోరుకి) తేలికైనది, కటాకి (ఒంటరిగా చేసి చూపే కదలికల వరుసకి) చెయ్యి విసిరితే ఫట్టుమనే బరువైన కాన్వాస్.

పత్తి కుంచించుకుపోతుంది కూడా. బట్ట ముందే ష్రింక్ చేసిందా లేదా అని అడిగి, లేదంటే ఒకసారి ఉతికి ఆరాకే కొలత చూసుకోండి. జూడోలో చేతి పొడవు తగ్గితే ప్రత్యర్థికి పట్టు దొరకదు, కాబట్టి పొట్టి చేతుల జాకెట్‌ని పోటీలో ఒప్పుకోరు.

అపోహ: మన ఎండకి పత్తే మేలు, రాష్ గార్డు కూడా పత్తిలోనే కుట్టండి

మామూలు గాలిలోనే పత్తి తన బరువులో దాదాపు 8 శాతం తేమ పట్టి ఉంచుతుంది. పాలిస్టర్‌లో అది అర శాతం కూడా ఉండదు. ఒళ్లు చల్లబడేది చెమట ఆవిరైనప్పుడు. పాలిస్టర్ చెమటను పీల్చదు, పోగుల వెంబడి పైకి పాకించి ఆరనిస్తుంది. రాయలసీమ పొడి గాలిలో అది త్వరగా జరుగుతుంది. మెరిసే ప్రింటు అడిగేవాళ్లకు ఇంకో మాట: సబ్లిమేషన్ రంగు 200 డిగ్రీలకు అటూ ఇటూ వేడిలో ఆవిరై పాలిస్టర్ పోగులోకి దిగుతుంది. పత్తికి అది పట్టదు.

అపోహ: సౌనా సూట్ వేసుకుని పరిగెత్తితే కొవ్వు కరుగుతుంది

సౌనా సూట్ అంటే గాలి ఆడని రబ్బరు లాంటి సూట్. దాంతో తగ్గేది నీళ్లు. తాగగానే తిరిగి వస్తాయి. ఆ సూట్ చెమటను ఆవిరి కానివ్వదు, అంటే ఒంట్లో వేడి బయటికి పోయే దారి మూసుకుపోతుంది. 1997లో అమెరికాలో కొన్ని వారాల తేడాలో ముగ్గురు కాలేజీ రెజ్లర్లు తూకం కోసం ఇలా బరువు దించుకుంటూ చనిపోయారు. ఆ తర్వాతే అక్కడి కాలేజీ పోటీల్లో రబ్బరు సూట్లను నిషేధించారు. నలభై డిగ్రీలు దాటే కర్నూలు, కడప ఎండల్లో పిల్లవాడికి ఇది తొడగడం ప్రాణంతో చెలగాటమే. ఎంత డబ్బు ఇస్తామన్నా మేం కుట్టం. దయచేసి కొని కూడా ఇవ్వకండి.

అపోహ: రాష్ గార్డు ఉంటే తామర రాదు

ఒరుపు తగ్గుతుంది, అంతే. తడి బట్టను సంచిలో కుక్కి మర్నాడు మళ్లీ వేసుకుంటే తామరని మనమే పెంచినట్టు. సాధన అయిన రోజే ఉతకాలి. మన బోరు నీళ్లు ఉప్పగా ఉంటాయి, సబ్బు బిళ్ల నురగ రాక తెల్లటి జిగట మిగులుస్తుంది, దానికంటే డిటర్జెంట్ పౌడర్ నయం. కంఫర్ట్ లాంటి మెత్తబరిచే ద్రవాలు వద్దు, అవి పోగుల మీద పొరలా పేరుకుని చెమట పాకనివ్వవు. లైక్రాని నీడలో ఆరేయండి, ఇస్త్రీ చేయకండి.

అపోహ: ఆడపిల్లలకు మగపిల్లల చిన్న సైజు సరిపోతుంది

సరిపోదు. భుజం, ఛాతీ, నడుము, తుంటి నిష్పత్తులే వేరు, కత్తిరింపు వేరుగా ఉండాలి.

ఎవరికైనా సరే, నిటారుగా నిలబెట్టి తీసిన కొలత ఒక్కటే చాలదు. చేతులు పైకెత్తించి చొక్కా పొడవు, గొంతుక్కూర్చోబెట్టి తొడ, నడుము వెనక భాగం మళ్లీ కొలవాలి. ప్యాంటు కాళ్ల మధ్య పాతకాలం టైలర్లు పైజామాకి వేసిన మియానీ లాంటి ముక్క ఉందో లేదో చూడండి. లేకపోతే ఎత్తుగా కిక్ కొట్టినప్పుడు నాలుగు కుట్లూ కలిసేచోట పిగులుతుంది. ఆర్డర్ ఇచ్చేటప్పుడు సైజుల జాబితా పంపి వదిలేయకుండా ఒక్కసారి పిల్లల్ని వెంటబెట్టుకు రండి.